లినక్స్ ఎక్కించాక ప్రింటర్ ఎందుకు మొరాయిస్తుంది?

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 పట్టని పాత కంప్యూటర్‌ను పారేయలేక, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఎక్కించుకున్నవాళ్లు విజయనగరంలోనూ ఉన్నారు. గంటస్తంభం చుట్టుపక్కల ఏ జెరాక్స్, డీటీపీ షాపుకైనా ఈ ఆలోచన వస్తే ముందు అడ్డుపడేది ప్రింటరే. బ్రౌజర్ నడుస్తుంది, ఆఫీసు పనుల లిబ్రేఆఫీస్ తెరుచుకుంటుంది, హాల్‌టికెట్ తెర మీద చక్కగా కనిపిస్తుంది, కాగితం మీదికి మాత్రం దిగదు. నింద లినక్స్ మీద పడుతుంది. అసలు తగువు లినక్స్ కంటే పాతది. పేజీని గీయాల్సింది ఎవరు? అప్లికేషనా, కంప్యూటరా, ప్రింటరా?

లినక్స్‌కు నమూనా అయిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ తొలినాళ్లలో ఈ ప్రశ్న లేదు. ఎల్‌పీఆర్ అనే ఆదేశం ఫైలును వరసలో పెట్టేది, ఎల్‌పీడీ అనే ప్రోగ్రాం వాటిని ఒక్కొక్కటిగా ప్రింటర్‌కు అందించేది. అక్షరాల ఆకారాలు ప్రింటర్‌లోనే ఉండేవి. హోల్‌సేల్ దుకాణాల్లో బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు నేటికీ ఇలా పని చేయగలవు.

బొమ్మలు, రకరకాల ఫాంట్లు వచ్చాకే చిక్కు మొదలైంది. అడోబీ 1984లో పేజీలో ఏది ఎక్కడ ఎలా ఉండాలో చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాషను తెచ్చింది. మరుసటి ఏడాది ఆపిల్ లేజర్‌రైటర్ ఆ భాషను అర్థం చేసుకునే ప్రింటర్‌గా మార్కెట్లోకి వచ్చింది. యూనిక్స్ అప్లికేషన్లు పోస్ట్‌స్క్రిప్ట్ రాసి పంపడం అలవాటు చేసుకున్నాయి. అలాంటి ప్రింటర్ల ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు. చవక ప్రింటర్ ఉన్నవాళ్లను 1988లో ఎల్. పీటర్ డాయిచ్ విడుదల చేసిన ఘోస్ట్‌స్క్రిప్ట్ ఆదుకుంది. అది ఆ భాషను కంప్యూటర్‌లోనే చదివి, పేజీని చుక్కలుగా మార్చి ప్రింటర్‌కు ఇస్తుంది. అయినా లిబ్రేఆఫీస్‌కు పూర్వరూపమైన స్టార్‌ఆఫీస్ వంటి అప్లికేషన్లలో ప్రింటర్‌ను విడిగా అమర్చుకోవాల్సి వచ్చేది. ఒక్క ప్రింటర్‌ను పది చోట్ల పరిచయం చేయడమంటే ఎవరికైనా విసుగే.

ఆ విసుగును తగ్గించింది కప్స్. మైకేల్ స్వీట్ 1997లో మొదలుపెట్టిన ఈ ప్రింటింగ్ వ్యవస్థ 1999లో బయటికి వచ్చింది. కంప్యూటర్, ప్రింటర్ మాట్లాడుకునే ఐపీపీ అనే ఉమ్మడి ప్రోటోకాల్ దీనికి పునాది. ఆపిల్ 2002లో తన మ్యాక్ ఓఎస్ 10.2లో దీన్ని పెట్టుకుంది, 2007లో సోర్స్ కోడ్‌నే కొనేసింది. ఇప్పటికీ లినక్స్ కంప్యూటర్ బ్రౌజర్‌లో localhost:631 అని కొడితే కనిపించేది ఈ కప్స్ పేజీయే. అక్కడ ఒకసారి చేర్చిన ప్రింటర్ అన్ని అప్లికేషన్లకూ కనిపిస్తుంది.

2006 తర్వాత లినక్స్ అప్లికేషన్లు పోస్ట్‌స్క్రిప్ట్ వదిలి పీడీఎఫ్ వైపు మళ్లాయి. తెలుగువాళ్లకు ఇది చిన్న మార్పు కాదు. ఒత్తులు, గుణింతాలు అప్లికేషనే కూర్చి, ఆ ఆకారాలను ఫైల్లోనే పొదిగి పంపుతుంది. ప్రింటర్‌కు తెలుగు తెలియాల్సిన పని లేదు. తెర మీద సరిగ్గా ఉన్న ‘స్త్రీ’ కాగితం మీద ముక్కలు కాకుండా ఉండేది ఇందువల్లే.

మరి షాపులో పేచీ ఎక్కడ? ధర తగ్గించడానికి కంపెనీలు ప్రింటర్‌లోని తెలివిని తీసి కంప్యూటర్ నెత్తిన పెట్టాయి. మన ఊళ్లలో బాగా వాడే కానన్ ఎల్‌బీపీ 2900 పోస్ట్‌స్క్రిప్ట్‌ను గాని, పీడీఎఫ్‌ను గాని అర్థం చేసుకోదు. కానన్ సొంత పద్ధతి క్యాప్ట్‌లో కంప్యూటరే పేజీని తయారు చేసి పంపాలి. ఆ పని చేసే ప్రోగ్రాంను, అంటే డ్రైవర్‌ను, కంపెనీ లినక్స్‌కూ ఇచ్చింది గాని, అది 64 బిట్ కంప్యూటర్లలో కూడా పాత 32 బిట్ లైబ్రరీలు అడిగేది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 తీరు మరీ విచిత్రం. స్విచ్ ఆపితే తనను నడిపే లోపలి ప్రోగ్రాం ఫర్మ్‌వేర్‌నే మరచిపోతుంది, వేసిన ప్రతిసారీ కంప్యూటర్ మళ్లీ పంపాలి. విండోస్ డ్రైవర్ ఈ పనిని తెర వెనుక చేసేస్తుంది కాబట్టి వాడేవాళ్లకు తెలియదు. లినక్స్‌లో ఫూ2జెడ్‌జేఎస్ డ్రైవర్‌నో, హెచ్‌పీ సొంత లినక్స్ సాఫ్ట్‌వేర్ హెచ్‌పీలిప్‌తో పాటు విడిగా దింపుకోవాల్సిన ప్లగిన్‌నో పెట్టుకోవాలి. పది పన్నెండేళ్లయినా చెడని, టోనర్ ఎక్కడైనా నింపించుకోగల ప్రింటర్‌ను ఇందుకోసం మార్చమంటే షాపువాళ్లు ఒప్పుకోరు. వాళ్ల లెక్క సరైనదే.

2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్, 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అనే కొత్త ముద్రణ పద్ధతులు వచ్చాక గాలి మళ్లీ తిరిగింది. తనకు ఏ కాగితం, ఏ రంగు, ఏ ఫార్మాట్ చేతనవునో ప్రింటరే చెబుతుంది, డ్రైవర్ అవసరం లేదు. ఇలాంటిది వైఫైలో ఉంటే కొత్త లినక్స్ సాధారణంగా దానంతటదే పట్టుకుంటుంది. యూఎస్‌బీ తీగతోనూ ఐపీపీ మాట్లాడే మోడల్ అయితే ఐపీపీ-యూఎస్‌బీ అనే ప్రోగ్రాం సరిపోతుంది. నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికే కప్స్-బ్రౌజ్‌డ్‌లో 2024 సెప్టెంబర్‌లో భద్రతా లోపాలు బయటపడ్డాయి. అప్‌డేట్లు వేయని పాత కంప్యూటర్లో దాన్ని ఆపేయడం మంచిది.

పాత యూఎస్‌బీ ప్రింటర్లకు మాత్రం ఈ మార్పు కలిసిరాలేదు. ఇప్పటి కప్స్ 2 వరసలో పాత డ్రైవర్లు ఇంకా పని చేస్తాయి. రాబోయే కప్స్ 3లో వాటికి చోటు లేదు. అప్పుడు పాత ప్రింటర్‌ను కొత్త ఐపీపీ ప్రింటర్‌లా కనిపించేట్టు చేసే ‘ప్రింటర్ అప్లికేషన్’ మధ్యలో ఉండాలి. కానన్ 2900 కోసం స్వచ్ఛందంగా రాసిన, కోడ్ అందరికీ తెరిచి ఉన్న డ్రైవర్ ఒకటి ఇప్పటికే ఉంది. దాన్ని ఆ రూపంలోకి ఎవరైనా తెస్తే ఆ ప్రింటర్ ఆ తర్వాత కూడా లినక్స్‌లో నడుస్తుంది.