నీరుగట్టి లేని చెరువు: తిరుపతి, చిత్తూరు చెరువుల నీటి నాణ్యత వెనుక చరిత్ర

తిరుపతి, చిత్తూరు నగరాల అంచుల్లో చెరువు పక్కన ఇళ్లు కట్టుకున్నవారి ఫిర్యాదులు దాదాపు ఒకే తీరున ఉంటాయి. వేసవిలో నీరు చిక్కటి ఆకుపచ్చగా మారి వాసన వేస్తుంది, గుర్రపుడెక్క అల్లుకుపోతుంది, పొద్దుగూకితే దోమలు, కొన్నేళ్లకు ఇంటి బోరు నీళ్ల రుచి మారిపోతుంది. అర్జీలు పెడతారు, కాలనీ సంఘాలు కూడగట్టుకుంటారు, ఆదివారాల్లో కట్ట మీద చెత్త ఏరుతారు. మరుసటి వేసవికి చెరువు మళ్లీ అదే స్థితికి వస్తుంది. మురుగునీరే కారణమని అందరికీ తెలుసు. అయితే ఆ మురుగు వంకలోకి, అంటే చెరువుకు నీరు తెచ్చే వాగులోకి దిగుతున్నప్పుడే అడ్డుపడగల అధికారమూ, అడ్డుపడితే తప్ప గడవని అవసరమూ రెండూ ఉన్న మనిషి, అంటే ఊరి చెరువును కనిపెట్టుకుని ఉండే నీరుగట్టి వంటివాడు, చెరువు దగ్గర లేకుండా పోవడానికి సుమారు నూట యాభై ఏళ్లు పట్టింది. ఇప్పటి గొడవ మూలం ఆ క్రమంలో ఉంది.

ఈ ప్రాంతానికి జీవనది లేదు. స్వర్ణముఖి, నీవా, బాహుదా వాన పడితే పారి, వాన వెలిస్తే ఇసుక మేటలుగా మిగిలే ఏర్లు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు తెచ్చే నాలుగైదు పెద్ద వానలను పట్టి నిలుపుకోవడం తప్ప వేరే దారి లేకపోవడం వల్లే కొండవాలు వెంబడి ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టు చెరువులు ఏర్పడ్డాయి. పై చెరువు నిండి మొరవ పోతే, అంటే అదనపు నీరు పొర్లి బయటికి పారితే, ఆ నీరు వంకలో పడి కింది చెరువుకు చేరుతుంది. నీటితోపాటు పై ఊరి మంచీ చెడూ కూడా కిందికి వస్తాయి కాబట్టి, ఈ చెరువుల్లో నీటి నాణ్యత ఏనాడూ ఒక్క ఊరి చేతిలోని వ్యవహారం కాదు.

విజయనగర కాలానికి ఈ సంగతి శాస్త్రంగా స్థిరపడింది. పొరుగున కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, రాకూడని ఆరు దోషాలనూ వివరంగా చెబుతుంది. తీయని నీటిని తెచ్చే ఏరు సాధనాల్లో ఒకటి. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటాన్ని కూడా ఆ శాసనం దోషంగానే లెక్కగట్టింది. ఇంజనీరింగు సూత్రాల నడుమ పరిపాలనకు చెందిన ఈ ఒక్క షరతు ఎందుకు చేరిందో, నేటి నగర శివారు చెరువుల సంగతి చూసినవారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

తిరుపతి ప్రాంతంలో చెరువుల విస్తరణకు దేవస్థానమే పెద్ద ఆధారం. పదిహేను, పదహారు శతాబ్దాల తిరుమల శాసనాల్లో ఒక పద్ధతి పదేపదే కనిపిస్తుంది. దాత నైవేద్యాల కోసం ఇచ్చిన సొమ్మును ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టి, దానివల్ల పెరిగిన పంటతో స్వామివారికి నైవేద్యం జరిపేవారు. అంటే చెరువు పాడైతే నైవేద్యం ఆగుతుంది, కనుక చెరువును చూసుకోవలసిన అవసరం ఆలయ వ్యవస్థలోనే ఇమిడి ఉంది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువును జనం నేటికీ రాయలవారి కాలం చెరువుగానే చెప్పుకుంటారు.

ఊరి స్థాయిలో ఆ అవసరానికి రూపం నీరుగట్టి. తూము ఎత్తడం, దించడం, ఆయకట్టులో ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడటం, వాన రాత్రి కట్ట మీద తిరిగి బుంగలు పడ్డాయేమో వెతకడం, వంకలో ఎవరైనా అడ్డుకట్ట వేసినా, పశువుల కళేబరం పడవేసినా పెద్దలకు చెప్పడం అతని పని. కోతల కాలంలో కళ్లం దగ్గర ప్రతి రైతూ అతనికి ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. సొంత ఖర్చుతో చెరువు కట్టించినవారికి, దాన్ని బాగు చేయిస్తూ ఉండాలన్న షరతు మీద దశబంధం ఇనాములు, అంటే శిస్తు మినహాయించిన లేదా తగ్గించిన భూములు ఉండేవి. ఏటా ఎండాకాలంలో చెరువులోని ఒండ్రుమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు, దానివల్ల పొలానికి ఎరువు దక్కేది, చెరువుకు లోతు మిగిలేది. మొరవ పోయిన ఏడు గంగమ్మకు పొంగళ్లు పెట్టి వేటలు కోసేవారు. తాగే నీటికి గుంట, బట్టలకు రేవు, పశువులకు వేరే చోటు అన్న విభజన చాలా ఊళ్లలో ఉండేది.

ఆ విభజనను ఆదర్శంగా చూపించే అలవాటు మనకుంది, దాన్ని కాస్త తగ్గించుకోవడం మంచిది. తాగునీటి గుంటను కాపాడిన కట్టుబాట్లే దళితులను ఆ గుంట మెట్లు దిగనివ్వలేదు. ఊరందరి పంటకూ నీరు పారించిన నీరుగట్టి చాలాచోట్ల ఆ కులాలవాడే. పాత పద్ధతి నీటిని శుభ్రంగా ఉంచిన మాట నిజమే గానీ, ఎవరికోసం ఉంచిందన్న ప్రశ్న దానితోపాటు వస్తుంది.

1801లో కర్ణాటక నవాబు రాజ్యం కంపెనీ పాలనలోకి వెళ్లాక చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రమైంది, 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా అలాగే ఉంది. ఈ వందేళ్లలో చెరువు మీద అజమాయిషీ ఊరి నుంచి సర్కారు కచేరీకి కదిలింది. ఇనాముల విచారణ వల్ల మరమ్మతుకు ఆధారమైన మాన్యాలు చాలావరకు చిక్కుల్లో పడ్డాయి. కుడిమరామత్తు, అంటే రైతులు తమంతట తాము చేసుకునే చెరువు మరమ్మతు, తగ్గిపోతోందని గ్రహించిన ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి, వాడుకలో ఉన్న పనిని శిక్ష భయంతో చేయించాలని చూసింది. పని చేసే ఊరికి శిస్తులో మినహాయింపు గానీ, నీటి మీద మాట గానీ ఇవ్వకుండా శ్రమను మాత్రమే అడిగిన చట్టం నిలబడకపోవడం వింత కాదు. 1876–78 కరువు తర్వాత, 1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం కింద కట్టలకు, తూములకు, మొరవలకు కొలతలు తీసి రికార్డులు రాశారు. ఆ కొలతలు నేటికీ పనికివస్తాయి. వాటిలో నీరు ఎంత అన్నదానికి అంకెలున్నాయి, నీరు ఎలా ఉంది అన్నదానికి గడి లేదు.

స్వాతంత్ర్యం తర్వాతి మార్పులు వేగంగా వచ్చాయి. 1956 ఇనాముల రద్దు చట్టంతో మిగిలిన మాన్యాలు పోయాయి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక, వారి చేతి కింద పని చేసిన నీరుగట్టి, తలారి వంటివారు గ్రామ సేవకులుగా, ఆ తర్వాత వీఆర్‌ఏలుగా (గ్రామ రెవెన్యూ సహాయకులుగా) రెవెన్యూ కార్యాలయపు పనుల్లోకి మళ్లారు. పదవికి జీతం వచ్చింది, చెరువుతో సంబంధం తెగింది. అదే కాలంలో పొలాల్లోకి బోర్లు వచ్చాయి. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చేసరికి ఆయకట్టు రైతు కూడా తూము వైపు చూడటం తగ్గించాడు. పట్టణాలకు తాగునీరు దూరం నుంచి రావడం మొదలైంది. తిరుపతికి మొదట కల్యాణి డ్యాం, తర్వాత తెలుగుగంగ నీళ్లు వచ్చాక, పక్కనున్న చెరువు ఎవరి కడవలోకీ వచ్చే నీరు కాకుండా పోయింది.

1997 సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం పదివేలకు పైగా నీటి సంఘాలను ఏర్పాటు చేసి, చెరువును తిరిగి వాడుకదారుల చేతిలో పెట్టాలని చూసింది. ఉద్దేశం మంచిదే, కానీ అందులో ఓటు ఆయకట్టు భూమి ఉన్న రైతుది. ఆయకట్టు ప్లాట్లయిపోయిన నగర శివార్లలో ఓటున్నవారికి చెరువుతో పని లేదు, చెరువుతో నిత్యం వేగవలసిన కాలనీవారికి ఓటు లేదు. నా దృష్టిలో ఈ నూట యాభై ఏళ్ల కథలో కీలకమైన ముడి ఇదే.

తిరుపతిలో కొరమేనుగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట, మల్లయ్యగుంటకట్ట ఇప్పుడు వీధుల పేర్లు. ఊరు పెరిగిన కొద్దీ గుంటలు పూడాయి, మిగిలిన పెద్ద చెరువులకు నీరు తెచ్చిన వంకలు డ్రైనేజీ కాలువలయ్యాయి. వంకను ఎవరూ తవ్వి కొత్త మురుగు కాలువ చేయలేదు. దాని ఒడ్డున ఇళ్లు లేచి, ప్రతి ఇంటి సెప్టిక్ ట్యాంకు గొట్టం, వంటింటి తూము అందులోకి తిరిగాయి, అంతే. పల్లపు దారి పాతదే, దిగేది మాత్రం వాన నీరు కాకుండా ఏడాది పొడవునా పారే వాడిన నీరు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తయారీ పెద్ద పరిశ్రమ. తోతాపురి కాయ దిగే రెండు మూడు నెలల్లో వచ్చే తీపి కలిసిన కడుగునీరు, శుద్ధి చేయకుండా వదిలితే, మామూలు ఇళ్ల మురుగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రాణవాయువును నీటి నుంచి లాగేస్తుంది.

చెరువు పాడయ్యే తీరు చూడాలంటే తెల్లవారుజామున చూడాలి. సబ్బు పొడుల నుంచి, మలమూత్రాల నుంచి వచ్చే భాస్వరం, నత్రజని తిని నాచు పెరుగుతుంది. పగలు అది ప్రాణవాయువు విడుస్తుంది కాబట్టి మధ్యాహ్నం పరీక్షించిన నీరు బాగానే ఉన్నట్టు తేలుతుంది. రాత్రంతా అదే నాచు ప్రాణవాయువును పీల్చుకుంటుంది, సూర్యోదయానికి ముందు చేపలు నోళ్లు పైకెత్తి నీటి మీదికి వస్తాయి. ఆ వేళలో మూత ఉన్న గాజు సీసాను నీటిలో ముంచి, బుడగ మిగలకుండా నింపి, మాంగనీసు సల్ఫేటు, క్షారంతో కలిపిన అయోడైడు చుక్కలు వేసి తలకిందులుగా తిప్పితే, ప్రాణవాయువు ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. పాఠశాల ప్రయోగశాలలో ఉండే సరుకుతో చేయగల పరీక్ష ఇది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం చేపలు, వన్యప్రాణులు బతకడానికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలి. మనుషులు స్నానం చేయడానికైతే 5 మిల్లీగ్రాములు ఉండాలి, 100 మిల్లీలీటర్లలో కోలిఫాం బ్యాక్టీరియా సంఖ్య 500 దాటకూడదు.

తాగడం లేదు కదా అన్న నిశ్చింతకు ఆధారం లేదు. ఆయకట్టు పోయాక ఈ చెరువులు చేస్తున్న ప్రధానమైన పని భూగర్భంలోకి నీరు దింపడమే, ఆ నీరే చుట్టుపక్కల బోర్లలో పైకి వస్తుంది. నేల పొరలు కొంత వడగడతాయి గానీ నైట్రేటును ఆపలేవు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు క్షేత్ర పరీక్షా పెట్టెలతో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ పెట్టె కుళాయి దాకా వస్తుంది, చెరువు తూము దాకా వెళ్లే బాధ్యత అందులో రాసి లేదు.

2021 నవంబరు వరదలు ఇదే చరిత్రను మరో వైపు నుంచి చూపించాయి. తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్టకు లీకేజీ కనిపించడంతో కింది ఊళ్లవారిని ఖాళీ చేయించారు. వంక ఇరుకైతే వానలో ఇల్లు మునుగుతుంది, ఎండల్లో చెరువు కుళ్లుతుంది. రెండింటికీ కారణమైన ఆక్రమణ ఒకటే. ముంపు వచ్చిన ఏడాది అందరూ వంకల గురించి మాట్లాడతారు, వాసన వచ్చినప్పుడు మాత్రం చెరువు గురించే మాట్లాడతారు.

ప్రభుత్వాల స్పందన ఎక్కువగా కట్ట మీదే ఆగుతోంది. నీరు–మీరు, నీరు–చెట్టు, అమృత్ సరోవర్ వంటి పథకాల్లో పూడికతీత, కట్ట బలోపేతం ముఖ్యాంశాలు. నగరాల్లోనైతే నడకదారి, దీపాలు, చుట్టూ రాతి కట్టడం. నడకదారి వల్ల జనం చెరువు దగ్గరికి వస్తారు, అది మేలే. కానీ లోతు తక్కువ ఉన్న అంచుల్లో పెరిగే జమ్ము, తుంగ నీటిలోని మలినాన్ని కొంతైనా పీల్చుకుంటాయి. వాటిని పెకలించి రాయి పరిచి, మురుగు వచ్చే మూతిని అలాగే వదిలేయడం మాత్రం డబ్బు పెట్టి చెరువును పాడుచేసుకోవడమే. వినాయక నిమజ్జనం విషయంలో మార్పు కొంత నయం. 2010లో వచ్చి 2020లో సవరించిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల తర్వాత మట్టి విగ్రహాల ప్రచారం పెరిగింది, తిరుపతిలో వినాయక సాగర్ వంటి ఒక చోటికి నిమజ్జనం పరిమితమైతే పర్యవేక్షణ తేలికవుతుంది. అయితే ఏడాదిలో కొద్దిరోజుల నిమజ్జనం మీద జరిగే చర్చలో పదోవంతు కూడా మిగతా రోజుల మురుగు మీద జరగదు.

ఇప్పుడు ఒక నగర చెరువు భూమి రెవెన్యూది, కట్ట, తూము జలవనరుల శాఖవి, చేపల వేలం మరొకరిది, వచ్చి కలిసే కాలువ నగరపాలక సంస్థది, నీటి నమూనా కాలుష్య నియంత్రణ మండలిది. పోరుమామిళ్ల శాసనకర్త రెండు రాజ్యాలకే భయపడ్డాడు. పైగా 2017 చిత్తడి నేలల నియమాలు సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలను తమ పరిధి నుంచి మినహాయించాయి. రాయలసీమలో చెరువంటేనే సాగునీటి కోసం కట్టినది కాబట్టి, ఆ రక్షణ వీటికి అందదు. మిగిలింది నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం, చెరువుల ఆక్రమణలను తొలగించాలని 2001లోనూ 2011లోనూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలన్న భవన నిర్మాణ నియమం. ఇవన్నీ హద్దుల గురించే, వచ్చే నీటి గురించి కాదు.

అందుకే చెరువు పక్క కాలనీ సంఘాలు చెత్త ఏరడంతోపాటు రెండు కాగితాలు చేతికి తెచ్చుకోవడం అవసరం. ఒకటి సర్వే నంబర్లతో కూడిన ఎఫ్‌టీఎల్ మ్యాపు. రెండోది, చెరువు పోరంబోకుతోపాటు దానికి నీరు తెచ్చే వంక పోరంబోకు ఎక్కడ మొదలై ఏయే వీధుల మీదుగా వస్తుందో చూపే రెవెన్యూ పటం. సమాచార హక్కు కింద తహసీల్దారు కార్యాలయంలో ఈ రెండూ అడగవచ్చు. వంక పొడవునా నడిచి, అందులో కలిసే గొట్టాలను పటం మీద గుర్తించి, ఏ మూతి దగ్గర నీరు ఎప్పుడు ఏ రంగులో ఉందో నెలనెలా రాసుకున్న సంఘం అర్జీని, వాసన వస్తోందన్న అర్జీలా పక్కన పడేయడం ఏ శాఖకూ అంత తేలిక కాదు. ఈ పని అక్టోబరు వానలకు ముందే చేయాలి. వంకలో వరద నీరు కలిశాక ఏ మురుగు ఎక్కడిదో తేల్చడం కుదరదు.