విమానం బ్రేకుల తనిఖీ: అపోహలు - వాస్తవాలు

సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళినప్పుడల్లా చుట్టాల్లో ఎవరో ఒకరు విమానాల గురించి అడుగుతూనే ఉంటారు, భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది. నా పని మెయింటెనెన్సు, అందులోనూ చక్రాలు, బ్రేకుల దగ్గరే ఎక్కువ. అందుకే రాస్తున్నాను.

అపోహ: "ఒరే, ఆ రకం విమానం ఎక్కకురా, బ్రేకులు చెక్ చేయాలని ఆర్డరొచ్చిందంట, ఏటో తేడా ఉంది." (మా మావయ్య)

వాస్తవం: ఆ ఆర్డర్‌ని మేం ఏడీ అంటాం, ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అంటే విమాన భద్రత కోసం ఇచ్చే తప్పనిసరి ఆదేశం. ఎక్కడో ఒక విమానంలో ఒక పార్టుకి పగులు కనబడిందనుకోండి, అదే పార్టున్న విమానాలన్నిటినీ ఇన్ని రోజుల్లోపు, లేదా ఇన్ని ల్యాండింగుల్లోపు చూడాలని గడువు పెడతారు. బోయింగ్‌కి అమెరికా విమాన భద్రతా సంస్థ ఎఫ్ఏఏ, ఎయిర్‌బస్‌కి యూరప్ సంస్థ ఈసా జారీ చేస్తాయి, ఇక్కడ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అమలు చేయిస్తుంది. చూసి సంతకం పెట్టకుండా గడువు దాటితే ఆ విమానం ఎగరదు మావయ్యా.

అపోహ: చక్రం విప్పితే గానీ బ్రేకు అరుగుదల తెలీదు.

వాస్తవం: బ్రేకు మీద సన్నటి పిన్ను ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. డిస్కులు అరిగేకొద్దీ లోపలికి పోతుంది, అంచుతో సమానమైతే బ్రేకు మార్చాల్సిందే. అయితే పార్కింగ్ బ్రేకు వేసి, ప్రెషర్ ఉన్నప్పుడే చూడాలి. కొత్తలో నేను ప్రెషర్ లేకుండానే టార్చి వేసి చూసి "ఇంకా బోలెడుంది సార్" అన్నాను. మా సీనియర్ ఒక్క మాట అనకుండా కాక్‌పిట్‌లో ఉన్నతనికి చెప్పి బ్రేకు వేయించారు, నా కళ్ళముందే పిన్ను లోపలికి జరిగింది. ఆ భయం నాకిప్పటికీ ఉంది, ఉండాలి కూడా.

అపోహ: బ్రేకుల్ని అరుగుదల లిమిట్ దాకా వాడటం కంపెనీల కక్కుర్తి.

వాస్తవం: ఒకప్పుడైతే ఈ అనుమానంలో న్యాయం ఉండేది. 1988 మేలో అమెరికాలోని డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో ఒక డీసీ-10 విమానం టేకాఫ్ మధ్యలో ఆగబోతే, పదింటిలో ఎనిమిది బ్రేకులు ఫెయిలై రన్‌వే దాటిపోయింది. అవన్నీ అరిగిన బ్రేకులే. ఆ తర్వాత రూలు మారింది: విమానం తయారుచేసేవాళ్ళు లిమిట్ దాకా అరిగిన బ్రేకుతోనే, నిండు బరువుతో టేకాఫ్ ఆపి చూపించాలి. అందుకే ఆ పిన్ను లిమిట్‌ని మిల్లీమీటరు దాటినా ఒప్పుకోం.

అపోహ: టైర్లలో మామూలు గాలే.

వాస్తవం: నైట్రోజనే. 1986లో మెక్సికోలో బ్రేకు పట్టేసి వేడెక్కిన ఒక బోయింగ్ 727 టైరు గాల్లో పేలి, మంటలంటుకుని, 167 మంది పోయారు, ఆ టైరులో ఉన్నది మామూలు గాలి. బ్రేకు వేడంటే మాకు అంత జాగ్రత్త. ఎయిర్‌బస్ ఏ320లో బ్రేకు వేడి 300 డిగ్రీలు దాటి ఉంటే చల్లారేదాకా టేకాఫ్ లేదు, వేడిగా ఉన్న చక్రం దగ్గరికి ముందు నుంచో వెనక నుంచో వెళ్తాం గానీ పక్క నుంచి వెళ్ళం, రిమ్ము పగిలితే ముక్కలు పక్కకే ఎగురుతాయి. లోపల మీరు లేటవుతోందని వాచీ చూసుకుంటున్నప్పుడు, ఒక్కోసారి మేం ఆ అంకె దిగడం కోసమే ఎదురుచూస్తుంటాం.