తూలితే తాగినట్టేనా?

మా మేనమామ గీత కార్మికుడు. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా మోకు, ముస్తాదు కట్టుకుని తాటిచెట్లు ఎక్కినవాడు. ఫిట్స్ మొదలయ్యాక చెట్టెక్కడం మానేసి, మందులు వాడుతూ పొలం చూసుకుంటున్నాడు. ఒకరోజు పొద్దున పొలం ఒడ్డు మీద నడుస్తూ తూలి మడిలో పడ్డాడు. లేపడానికి వచ్చినవాళ్లలో ఒకాయన "పొద్దుగాల్నే పట్టిచ్చినవా బావా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. మామ ఆ రోజు చుక్క కూడా ముట్టలేదు. ఆయన్ని పడేసింది మూర్ఛకు వేసుకుంటున్న గోలీ.

అంతకు పది రోజుల ముందు మళ్లీ ఫిట్స్ వస్తే డాక్టర్ ఫెనిటాయిన్ మోతాదును రోజుకు 300 నుంచి 400 మిల్లీగ్రాములకు పెంచారు. ఒక్క గోలీయే కదా ఎక్కువైంది అనుకుంటాం. ఈ మందు విషయంలో ఆ లెక్క పనిచేయదు. అలుగు లేని చెరువును ఊహించుకోండి. నీళ్లు పోవడానికి ఉన్నది ఒక్క తూమే. వచ్చే నీళ్లను తూము తట్టుకున్నంతసేపూ మట్టం నిలకడగా ఉంటుంది. తూము నిండుగా పారుతున్నప్పుడు పైనుంచి ఇంకాస్త వరద కలిస్తే మట్టం గబగబా పెరిగిపోతుంది. ఫెనిటాయిన్‌ను విరిచే కాలేయపు ఎంజైములు ఆ తూము లాంటివే. మోతాదు మూడో వంతు పెంచితే రక్తంలో మందు రెట్టింపు కావచ్చు, అంతకు మించి కూడా పోవచ్చు. అదీ ఒక్క రోజులో జరగదు, వారం పది రోజులు పడుతుంది. అందుకే పడిపోవడానికీ గోలీకీ ఉన్న సంబంధం ఇంట్లోవాళ్లకు తట్టదు.

డాక్టర్ చేసిన పరీక్షలు నేను పక్కనుండి చూశాను. పెన్నును పక్కకు జరుపుతూ దాన్నే చూడమన్నారు. మామ కనుగుడ్లు చివరికి వెళ్లగానే టకటకా కొట్టుకున్నాయి. మడమకు వేళ్లు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమంటే రెండో అడుగుకే ఒరిగాడు. ఇంట్లో చాయ్ తాగేటప్పుడు గ్లాసు పెదవుల దాకా వచ్చాకే వణికి ఒలికేది, ఒళ్లో పెట్టుకున్న చెయ్యి మాత్రం వణికేది కాదు. రక్తంలో ఈ మందు సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి. 20 దాటితే కళ్లు కొట్టుకోవడం, 30 దాటితే తూలడం, 40 దాటితే మత్తు, తికమక. మామకు 30 దాటింది.

ఇదంతా తల వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడు పని. అడుగు ఎంత దూరం వేయాలో, చెయ్యి ఎక్కడ ఆగాలో సరిచూసేది అదే. అందులోని పుర్కింజీ కణాలు మనం కదలకుండా కూర్చున్నా సెకనుకు పదుల సార్లు సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఫెనిటాయిన్, కార్బమజపైన్ లాంటి మందులు నరకణాల్లో సంకేతాలు పుట్టించే సోడియం ద్వారాలను తెరుచుకోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. అవి ఎంత ఎక్కువగా తెరుచుకుంటే పట్టు అంత గట్టిది. ఫిట్స్‌ను ఆపే శక్తి అక్కడిదే. రక్తంలో మందు మితిమీరితే చిన్నమెదడు లయ కూడా చెడుతుంది.

1912లో మూర్ఛకు ఫినోబార్బిటాల్ వాడటం మొదలైంది. ఫిట్స్ తగ్గాయి గానీ జనం మత్తుగా ఉండేవారు. మత్తు కలిగించని మందు కోసం బోస్టన్‌లో మెరిట్, పట్నం అనే వైద్యులు వెతికి, 1938లో ఫెనిటాయిన్‌ను రోగులకు అందించారు. మత్తు తగ్గింది, నడక మీద భారం పడింది. కార్బమజపైన్ వేసుకున్న కొన్ని గంటలకు కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది, తల తిరుగుతుంది. మెల్లగా కరిగే గోలీకి మారిస్తే చాలామందికి తగ్గుతుంది. వాల్‌ప్రోయేట్‌తో చేతులు వణకవచ్చు. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ ఈ విషయంలో సాధారణంగా కాస్త నయం.

తూలడం పదిమందికీ కనిపిస్తుంది. ఈ మందులతో చురుకు తగ్గడం మాత్రం ఒక్కోసారి ఆ మనిషికి కూడా తెలియదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేక్ మీద కాలు పడటం పావు సెకను ఆలస్యమైతే, బండి ఇంకో నాలుగు మీటర్లు ముందుకు పోయినట్టే. లైసెన్స్ ఫారంలో మూర్ఛ ఉందా అని అడుగుతారు, దయచేసి అక్కడ అబద్ధం రాయకండి.

మన పాలమూరు, నల్లగొండల్లో ఇంకో చిక్కు ఉంది. కల్తీ కల్లులో కలిపే డైజిపామ్, అల్ప్రాజోలం, మూర్ఛకు ఇచ్చే క్లోబజామ్ ఒకే కుటుంబం మందులు. కల్లులోనిదీ గోలీలోనిదీ ఒంట్లో కలిస్తే మత్తు, తూలుడు ఇంకా ఎక్కువవుతాయి. అలవాటైన కల్తీ కల్లు ఉన్నట్టుండి మానేసినా ఫిట్స్ రావచ్చు. సిగ్గుపడకుండా ఈ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ కూడా ఫెనిటాయిన్ మట్టాన్ని పెంచుతుంది. కాబట్టి ఏ కొత్త మందు రాయించుకున్నా పాత చీటీ వెంట ఉండాలి.

పడ్డ రోజు మామ కోపంతో గోలీలన్నీ పారేస్తానన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన తన కనుసన్నల్లో ఉంచుకుని మోతాదు తగ్గించి, 350 దగ్గర నిలిపారు. అత్తమ్మ గోడ క్యాలెండర్‌లో రోజూ గోలీ వేసిన టైమూ, ఆ రోజు నడక ఎలా ఉందో రాయడం మొదలుపెట్టింది. పన్నెండో రోజు గడిలో పెన్సిల్‌తో రాసి ఉంది: "చాయ్ ఒలకలే."