కాలిన ఖాళీ ఇంటికి కూల్చివేత నోటీసు: అపోహలు – వాస్తవాలు

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. కూల్చేయమని ఉత్తర్వు వచ్చిన ఇళ్లను పరీక్షించి, అప్పీల్ కోసం రిపోర్ట్ రాయడం నా పనిలో ఒక భాగం. యజమానులు నా దగ్గరికి వచ్చేసరికే సగం గడువు అయిపోయి ఉంటుంది. మిగిలిన సగంలో కొంత ఈ కింది అపోహలు తీర్చడానికే పోతుంది.

అపోహ: గోడలన్నీ నల్లగా మాడిపోయాయి, ఇక ఇల్లు పనికిరాదు.

నలుపు అంటే మసి, అంతే. మంట బాగా ముదిరిన చోట ఆ మసి కూడా కాలిపోయి గోడ తేటపడుతుంది. అందుకే ఇంట్లో అడుగు పెట్టగానే నేను ముందు వెతికేది తెల్లబారిన చోట్లనే. తర్వాత కిటికీలు చూస్తాను. అల్యూమినియం 660 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కరుగుతుంది, ఫ్రేములకు వాడే మిశ్రమాలు కాస్త ముందే కరుగుతాయి. ఫ్రేము కరిగి గట్టు మీద బొట్లుబొట్లుగా గడ్డకట్టి ఉంటే ఆ గది సంగతి వేరు. పక్క గదిలో ఫ్రేము చెక్కుచెదరకుండా ఉంటే అక్కడ వేడి అంత దూరం పోలేదన్నమాట.

కాంక్రీటుకు వేడి సులువుగా ఎక్కదు. కంకరలో ఇనుప ఖనిజాలు ఉంటే సుమారు 300 డిగ్రీల దగ్గర అది గులాబీ రంగులోకి తిరుగుతుంది, 600 దాటాక ఆ రంగు పోయి తెల్లబారుతుంది. ఒకసారి స్లాబ్ నుంచి తీసిన కోర్‌ను, అంటే గుండ్రంగా తొలిచి తీసిన కాంక్రీటు ముక్కను, తడిపి వెలుతురులో పెట్టి చూశాం. కింది అంచు నుంచి రెండు సెంటీమీటర్ల మేర గులాబీ చార, దాని పైన మామూలు కాంక్రీటు. యజమాని మాత్రం స్లాబ్ మొత్తం పోయిందనే అనుకుంటున్నాడు. అలాంటి చోట చెడిన పొరను కొట్టేసి కొత్తగా కవర్, అంటే లోపలి కడ్డీలను కప్పే కాంక్రీటు పొర, వేయొచ్చు. కడ్డీల విషయానికొస్తే, వేడిగా ఉన్నప్పుడు బలం సగానికి పడిపోయినా, 600 డిగ్రీల లోపే ఉంటే మామూలు హాట్ రోల్డ్ ఇనుము (ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య సాగదీసి చేసినది) చల్లారాక చాలావరకు తేరుకుంటుంది. వంగిపోయినవి, బయటపడి వేలాడుతున్నవి మాత్రం మార్చాల్సిందే. చెక్క దూలాలు కూడా అంతే. పైన బొగ్గయినా లోపల గట్టిగా ఉండొచ్చు, కాబట్టి చెక్కి చూడకుండా పారేయకండి.

అన్ని ఇళ్లూ నిలుస్తాయని కాదు. బీములు కిందికి జారి, పిల్లర్లు పగిలి ఉంటే కూల్చేయమని నేనే రాస్తాను. ఆ మాట వినడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అపోహ: ఇల్లు ఖాళీగానే ఉంది కదా, ఎవరికి ప్రమాదం?

నేను చూసిన అప్పీళ్లు ఎక్కువగా బోల్తా పడింది ఇక్కడే. అధికారికి గోడ బలం ఒక్కటే కాదు, తెరిచి ఉన్న తలుపు కూడా సమస్యే. పిల్లలు లోపలికి దూరతారు, ఎవరో రాత్రిపూట చలిమంట వేస్తారు, విరిగిన గోడ పక్కింటి మీదో దారి మీదో పడొచ్చు. పైకప్పు తెరుచుకుని ఉంటే ప్రతి వానకీ ఇల్లు ఇంకొంచెం పాడవుతుంది. మంట మిగిల్చిన ఇంటిని నీళ్లు తినేసిన సందర్భాలు ఉన్నాయి.

అందుకని అప్పీల్ కాగితం రాసే ముందే తలుపులు, కిటికీలు పలకలతో మూయించండి. పైన టార్పాలిన్ కప్పండి. వాలిన చోట ఇంజనీర్ చెప్పినట్టు ప్రాప్‌లు (ఆసరా స్తంభాలు) పెట్టించండి. చుట్టూ కంచె వేసి, కరెంటు, గ్యాస్ కనెక్షన్లు తీయించండి. వారం వారం తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి. "రిపేర్ చేయిస్తానండీ" అనే నోటిమాట కన్నా ఆ ఫొటోలకే విలువ ఎక్కువ.

అపోహ: అప్పీల్ వేస్తే కూల్చివేత దానంతట అదే ఆగిపోతుంది.

కొన్ని చోట్ల ఆగుతుంది, కొన్ని చోట్ల స్టే కోసం విడిగా అడగాలి. గడువు ఏ రోజు నుంచి లెక్కిస్తారో కూడా ఉత్తర్వులోనే చూసుకోవాలి. ఖాళీ ఇంటి తలుపుకి అంటించిన నోటీసు మీ కంట పడకపోవచ్చు, కాబట్టి ఆఫీసు రికార్డుల్లో మీ ప్రస్తుత చిరునామా ఉండేలా చూసుకోండి. ఈ విషయాల్లో లాయర్ మాట వినండి, నా మాట కాదు.

అపోహ: తనిఖీకి ముందు శుభ్రం చేసి రంగు వేస్తే మంచిది.

వద్దు. ఒకాయన నేను వెళ్లేలోపు స్లాబ్ కింద కొత్తగా ప్లాస్టర్ చేయించాడు. సుత్తితో తడితే గట్టి చోట ఠంగుమనాలి, విడిపోయిన చోట డొల్లగా మోగాలి. ఆ ప్లాస్టర్ మీద ఏదీ నమ్మేలా లేదు. చివరికి అంతా కొట్టించాల్సి వచ్చింది, ఖర్చు రెండింతలు.

అపోహ: "ఇల్లు భద్రం" అని ఇంజనీర్ రాసిస్తే చాలు.

ఒక్క వాక్యం రిపోర్ట్ చెత్తబుట్టకే. ఉత్తర్వులో ఐదు కారణాలు ఉంటే ఐదింటికీ విడివిడిగా జవాబుండాలి. ఏ పరీక్ష ఎక్కడ చేశారు, ఫలితం ఎంత, ఏ భాగం తీసేస్తారు, ఏది బలపరుస్తారు, ఎన్నాళ్లు పడుతుంది, డబ్బు ఎక్కడిది అన్నీ కనిపించాలి. కొన్ని చోట్ల రిపేరు ఖర్చు ఇంటి విలువలో ఇంత వంతు దాటితే కూల్చొచ్చనే నిబంధన ఉంటుంది. అప్పుడు గొడవంతా అంచనా మీదే. వాళ్లు లెక్కలో తీసుకున్నది మంటకు ముందు విలువా, తర్వాతదా? స్థలం ధర కలిపారా? ముందు అది అడగండి.

ఇల్లంతా నిలపలేమని తేలితే పాడైన భాగం వరకే కూల్చేందుకు అనుమతి అడగొచ్చు. అదీ కుదరకపోతే, కూల్చే పని మీరే చేయించుకుంటామని గడువు కోరండి. చాలాచోట్ల వాళ్లు కూల్చినా ఆ ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తారు. మీరు చేయిస్తే కనీసం రేటు మాట్లాడుకోవచ్చు, పనికొచ్చే ఇటుకలు, ఇనుము దక్కించుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఉంటే వాళ్ల సర్వేయర్ చూసి వెళ్లేదాకా ఒక్క ఇటుక కూడా కదిలించకండి.