బ్రౌజర్‌లో ఇంకా కలకత్తాయే ఎందుకు?

హైదరాబాద్‌లో కూర్చుని ఆన్‌లైన్ ఫారం నింపితే ‘టైమ్‌జోన్ చెల్లదు’ అని తిప్పికొడుతుంది. సర్వర్ రాసుకునే చిట్టా (లాగ్) తెరిస్తే క్రోమ్ పంపిన పేరు ‘ఆసియా/కలకత్తా’; భారత కాలమానానికి కంప్యూటర్లలో ఆ నగరం పేరే గుర్తు. సర్వర్ జాబితాలో ఉన్నది ‘ఆసియా/కోల్‌కతా’ ఒక్కటే. ఊరి పేరు మారి ఇన్నేళ్లయినా బ్రౌజర్‌కు వలసపాలన వాసన పోలేదా అన్న విసుర్లు మళ్లీ మొదలయ్యాయి.

అసలు ముడి 2008లో పడింది. నగరం అధికారికంగా కోల్‌కతా అయింది 2001 జనవరి 1న. చాలా కంప్యూటర్లు ఆధారపడే టైమ్‌జోన్ డేటాబేస్ ఏడేళ్లు ఆగి కోల్‌కతాను అసలు పేరు చేసింది, పాతదాన్ని మారుపేరుగా మిగిల్చింది. అక్షరాల ప్రమాణాలు చూసే యూనికోడ్ సంస్థ నిర్వహించే సీఎల్‌డీఆర్ (భాషలవారీగా తేదీలు, పేర్లు ఎలా చూపాలో చెప్పే సమాచార భండారం) మాత్రం కదల్లేదు. క్రోమ్, సఫారీ ఆ దారినే పట్టాయి. ఫైర్‌ఫాక్స్ కొత్త పేరు తీసుకుంది.

సీఎల్‌డీఆర్‌ది మొండితనం అనడం తేలిక. ఊరి పేరు మారినంత మాత్రాన పొలం సర్వే నంబరు మార్చం కదా, ఇదీ అంతే అన్నది దాని లెక్క. డేటాబేసుల్లో ఎప్పుడో దాచిన పేరు రేపు కూడా అదే అయి ఉండాలి. మనుషులకు చూపే పేరు వేరు; అదే సీఎల్‌డీఆర్ తెలుగులో ‘కోల్‌కతా’ అనే ఇస్తుంది. ఏ పేరు వాడినా గడియారం తప్పు చూపదు. యుద్ధకాలంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు మన దేశంలో గంట ముందుకు జరిపిన సంగతి రెండు పేర్ల వెనకా ఉంది. (అప్పుడు పుట్టిన తాతగారి జాతకానికి ఆ గంటే ప్రాణం. పేరు వదిలేసి ఉత్త +5:30 రాసుకునేవారికి అది దొరకదు.) తేడా వచ్చేదల్లా రెండు పేర్లను అక్షరం అక్షరం పోల్చినచోటే.

మార్చి తీరాలనేవారిది గౌరవం మాట. 2022లో టైమ్‌జోన్ డేటాబేస్‌లో ఉక్రెయిన్ రాజధాని పేరుకు రష్యన్ వర్ణక్రమం తీసేసి ఉక్రెయినీ వర్ణక్రమం పెట్టాక ఆ మాటకు బలం పెరిగింది.

2023లో టెంపోరల్ (బ్రౌజర్ల భాష జావాస్క్రిప్ట్‌లో తేదీలు, సమయాల కోసం తెస్తున్న కొత్త ఏర్పాటు) రూపకర్తలు నడిమార్గం పట్టారు: ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచాలి, పోల్చేటప్పుడు మారుపేర్లను ఒకటిగా చూడాలి. అదే ఏడాది సీఎల్‌డీఆర్ కూడా పాత పేరును అలాగే ఉంచి, పక్కనే టైమ్‌జోన్ డేటాబేస్ వాడే కొత్త పేరును కూడా నమోదు చేసింది. ఫారం తిప్పికొట్టిన సర్వర్‌లో పోలిక మాత్రం ఇంకా అక్షరాలతోనే నడుస్తోంది.