పెద్దవయసులో పీఎస్‌ఏ ఎందుకు పెరుగుతుంది?

మల్కాజిగిరి నుంచి 72 ఏళ్ల పాఠకుడు ఒకరు తన రిపోర్టు ఫోటో పంపారు. పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో ఎంతుందో చెప్పే అంకె, 5.2 అని ఉంది. పక్కనే 4.0 లోపు ఉండాలని అచ్చు. "బాబూ, ఇది క్యాన్సరేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని అడిగారు. హైదరాబాద్‌లో చాలా ల్యాబులు పెద్దవాళ్ల హెల్త్ ప్యాకేజీలో ఈ పరీక్షను కలిపేస్తున్నాయి. రిపోర్టు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో వచ్చేస్తుంది, దాన్ని విడమర్చి చెప్పేవాళ్లే ఉండరు.

ప్రోస్టేట్ ఎక్కడుంటుందో చెబుతూ కూర్చోను. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది పీఎస్‌ఏ చేసే పని. అదొక ఎంజైమ్. బయటికొచ్చిన వీర్యాన్ని సెమినోజెలిన్ అనే ప్రోటీన్ జిగురుగా గడ్డకట్టిస్తుంది. పీఎస్‌ఏ ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేస్తే వీర్యం పలచబడి, శుక్రకణాలు కదలగలుగుతాయి. అంటే దాని చోటు వీర్యమే, రక్తం కాదు. రక్తంలో కంటే వీర్యంలో అది దాదాపు పది లక్షల రెట్లు ఎక్కువ. నూరు చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమనే పాత నమ్మకంతో, పీఎస్‌ఏ పెరిగితే ఒంట్లో సత్తువ కారిపోతోందని దిగులుపడే పెద్దలున్నారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంత తేడా ఎలా నిలబడుతోంది? గ్రంథి గొట్టాల లోపలి కణాలు పీఎస్‌ఏను గొట్టంలోకే వదులుతాయి. వాటి వెనక బేసల్ కణాల వరుస, ఆ వెనక ఒక పల్చటి పొర, ఆపైన కణజాలం, చివరగా రక్తనాళం గోడ. అచ్చంగా మన చెరువు కట్టే. ఇటు నిండా నీళ్లు, అటు పొడినేల. ఎంత గట్టి మట్టికట్టకైనా కాస్త ఊట ఉంటుంది. రక్తపరీక్షలో మనం కొలిచేది ఆ ఊటనే.

వయసు పెరిగేకొద్దీ మొదట చెరువే పెద్దదవుతుంది. యవ్వనంలో 20-25 మిల్లీలీటర్లుండే గ్రంథి, యాభై దాటాక చాలామందిలో ఉబ్బుతూ పోతుంది. ఇది క్యాన్సర్ కాదు. కట్ట పొడుగు పెరిగితే మొత్తం ఊటా పెరుగుతుంది కదా. పైగా ఏళ్ల తరబడి వచ్చిపోయే వాపులు కట్టను అక్కడక్కడా వదులు చేస్తాయి. 1993లో అమెరికాలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీ మగవాళ్లను పరీక్షించి ఓస్టర్లింగ్ బృందం వయసువారీ హద్దులు ఇచ్చింది: నలభైల్లో 2.5, యాభైల్లో 3.5, అరవైల్లో 4.5, డెబ్బైల్లో 6.5. వాళ్లలో దాదాపు అందరూ తెల్లవాళ్లే, కాబట్టి ఈ అంకెల్ని మనకు ఉన్నవున్నట్టు అంటగట్టకూడదు. అయినా అందరికీ ఒకటే 4.0 అని అచ్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరి క్యాన్సర్? అది కట్టకు పడ్డ బుంగ. క్యాన్సర్ కణం మామూలు కణం కంటే ఎక్కువ పీఎస్‌ఏ తయారుచేయదు, తరచూ తక్కువే చేస్తుంది. కానీ బేసల్ కణాల వరుస పోతుంది, పొర చెడుతుంది. ఊళ్లో నీరటి ఊట ఎంతుందనే కాదు, తేటగా ఉందా, మన్ను కలిసి వస్తోందా అనీ చూస్తాడు. మన్ను వస్తుంటే కట్ట లోపల కోసుకుపోతున్నట్టే. రక్తంలో ఆ పని చేసేది ఫ్రీ పీఎస్‌ఏ పరీక్ష. రక్తంలోకి చేరిన చురుకైన పీఎస్‌ఏను ఆల్ఫా-1 యాంటీకైమోట్రిప్సిన్ అనే రక్తంలోని ప్రోటీన్ పట్టేసుకుంటుంది. గొట్టంలో కొంతకాలం నిలిచి తెగి, చురుకు పోయినది ఎవరికీ చిక్కక విడిగా తిరుగుతుంది, అదే ఫ్రీ పీఎస్‌ఏ. క్యాన్సర్‌లో అలా నిలవకుండా నేరుగా రక్తంలోకి వస్తుంది కాబట్టి విడిగా ఉండే శాతం తగ్గుతుందని వివరణ. మొత్తం పీఎస్‌ఏ 4 నుంచి 10 మధ్య ఉన్నప్పుడు ఫ్రీ శాతం 25 దాటితే అనుమానం తక్కువ, 10 లోపైతే ఎక్కువ.

అయ్యా, 72 ఏళ్లకు 5.2 అరుదేమీ కాదు. అలాగని పూర్తి భరోసా కూడా కాదు. 2004లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో పీఎస్‌ఏ 4 లోపున్న మగవాళ్లకు బయాప్సీ చేస్తే 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే అది తగ్గిన కొన్ని వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. స్కానింగ్‌లో తేలిన గ్రంథి సైజుతో పీఎస్‌ఏను భాగించి చూడమని యూరాలజిస్టును అడగండి, 0.15 దాటితే ఆలోచించాల్సిందే. ప్రోస్టేట్ ఉబ్బుకు ఇచ్చే ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ ఆరు నెలలకు పైగా వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఆ మాత్రలు పీఎస్‌ఏను దాదాపు సగానికి తగ్గిస్తాయి కాబట్టి, అప్పుడు మీ 5.2ను 10.4గా చదవాలి.