తొలి గుడ్డు వయసులో పోయే పెట్టలు

దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో గుడ్డుకు వచ్చిన పెట్ట చచ్చిపోతే ఆ ఇంటి ఆడవాళ్ల బాధ చెప్పతరం కాదు. గద్దకు, కుక్కకు దక్కకుండా కాచి, నూకలు చల్లి, రాత్రిళ్లు గంప కింద కమ్మి ఆరు నెలలు సాకితే, సరిగ్గా తొలి గుడ్ల వేళకు పోతుంది. మామూలు నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. వాటిలో కొన్ని పొదిగి మళ్లీ పిల్లల్ని లేపాలి. అందుకే పడుచు పెట్ట పోతే వచ్చే ఏటి మంద కూడా పోయినట్టే.

ఆ ఈడుకు ఒంటి మీద భారం కూడా ఎక్కువే. ఒక్క గుడ్డు పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. కడుపులో ఏలిక పాములుంటే తిన్నది ఒంటికి పట్టదు. రక్త పారుడు, మశూచి, కాళ్లు పడిపోయే మారెక్స్ వ్యాధి కూడా తలా కొన్నింటిని తీసుకుపోతాయి. కానీ వారం రోజుల్లో వాడంతా గూళ్లు ఖాళీ అయ్యాయంటే ముందుగా అనుమానించాల్సింది కొక్కెర తెగులును (రాణిఖేత్). నోరు తెరిచి గసపెడతాయి, పచ్చగా పారుతాయి, చావు తప్పినవాటిలో కొన్నింటికి మెడ మెలి తిరుగుతుంది. టీకా పడని మందలో దాదాపు అన్నీ పోవచ్చు. బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే విరుచుకుపడుతుంది కాబట్టి, మూకుమ్మడిగా చస్తుంటే పశువుల దవాఖానకు చెప్పి తీరాలి.

"ఎండాకాలం కోళ్లు పోవుడు మామూలే" అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. కొక్కెర తెగులుకు మన దేశంలో దశాబ్దాలుగా టీకాలున్నాయి. టీకా పడిన తల్లి తన రక్షణను గుడ్డు పచ్చసొన ద్వారా పిల్లకు ఇస్తుంది. అది రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. అయితే అది రక్తంలో ఉన్నంతకాలం టీకా వైరస్‌ను కూడా కొంత అణిచేస్తుంది. అందుకే మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్కను పిల్ల కంట్లో వేస్తారు. కంటి దగ్గర, శ్వాసనాళంలో అక్కడికక్కడే పుట్టే రక్షణకు తల్లిచ్చిన రక్షణ అంతగా అడ్డుపడదు. చుక్క బలం కొద్దికాలమే. ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్2బీ అనే టీకా సూది పడాలి. ఇది ఘాటైన టీకా, చిన్న పిల్లలకు వేస్తే జబ్బు చేస్తుంది. గుడ్లు పెడుతున్నప్పుడు వేస్తే గుడ్లు తగ్గుతాయి. కనుక మళ్లీ వేయించాలనుకుంటే గుడ్డుకు రాకముందే వేయించాలి.

మరి ఎందుకు వేయించరు? నా లెక్కలో అసలు చిక్కు సీసాలో ఉంది. టీకా సీసాలు 100 కోళ్లకు, అంతకన్నా ఎక్కువకు సరిపడేలా వస్తాయి. ఇంట్లో ఉన్నవేమో పది. సీసా విప్పి కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి, అప్పటిదాకా ఐసు మీదే ఉంచాలి. పది కోళ్ల కోసం ఎవరు తెస్తారు? పోనీ తెచ్చినా, పక్కింటి కోళ్లన్నీ అదే పెంటకుప్ప మీద కలిసి మేసేవే. పైగా జబ్బు సోకిన వెంటనే బతికున్నవాటిని అంగడికి తోలడం మనకు అలవాటు. తెగులు ఊరు దాటేది చాలాసార్లు ఆ దారినే.

ఈ చిక్కును మహిళా సంఘం మీటింగులోనే విప్పవచ్చు. ఒక వాడలో పది ఇళ్లు కలిస్తే సీసా ఖర్చు చిల్లర లెక్కే. ముందు వారం అందరూ తమ కోళ్లకు పాముల మందు తాగించి, పశువుల డాక్టర్‌తో మాట్లాడి టీకాకు ఒక రోజు అనుకోవాలి. పొద్దు పొడవకముందే మొదలుపెట్టాలి, గంపలు ఎత్తాక ఒక్క కోడీ చేతికి చిక్కదు.